కెనడాలో రిటైర్‌మెంట్ డబ్బుకి ఏ ఈటీఎఫ్: ఒకటి చాలా, నాలుగు కావాలా?

మొన్న ఫిబ్రవరిలో, ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాలో డబ్బు కట్టే గడువు ఇంకో పది రోజులుందనగా, కాల్గరీ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఎక్స్‌ఈక్యూటీ కొనమంటావా, వీగ్రో కొనమంటావా? ఎనిమిది నెలలుగా చూస్తున్నా, తేలడం లేదు." రెండూ ఈటీఎఫ్‌లే, అంటే షేరులాగా కొనుక్కునే ఫండ్లు. ఈ ఎనిమిది నెలలూ డబ్బు ఎక్కడుందిరా అని అడిగాను. చెకింగ్ అకౌంట్‌లో వడ్డీ లేకుండా పడి ఉందట. ఆ రెంటిలో ఏది కొన్నా వాడికి మేలే జరిగేది. ఫోన్లో చెప్పింది సరిపోలేదనిపించి, తర్వాత తీరిగ్గా కూర్చుని వివరంగా రాసిందే ఇది. మనవాళ్ళలో చాలామంది వాడిలాగే ఆగిపోయి ఉన్నారని నాకు తెలుసు.

ముందు, ఇప్పుడున్నది ఎంత తింటోందో చూడండి

నేను 2011లో వచ్చాను. మరుసటి ఏడు మిసిసాగాలో మా ఇంటి దగ్గరున్న బ్యాంకు బ్రాంచికి వెళ్ళి ఆర్‌ఆర్‌ఎస్‌పీ తెరిచాను. పది ప్రశ్నలడిగి, "మీకు బ్యాలెన్స్‌డ్ ఫండ్ సరిపోతుంది" అని సంతకాలు పెట్టించుకున్నారు. ఆరేళ్ళు నెలనెలా కడుతూనే పోయాను. 2018లో ఒక ఆదివారం ఆ ఫండ్ తాలూకు ఫండ్ ఫ్యాక్ట్స్ కాగితం వెతికి పట్టుకుని రెండో పేజీ చదివాను. ఎంఈఆర్, అంటే ఫండ్ నడిపినందుకు ఏటా తీసుకునే మొత్తం ఖర్చు, 2.21 శాతం అని ఉంది. అప్పటికి నా ఖాతాలో 41 వేల డాలర్లున్నాయి. కాలిక్యులేటర్‌లో కొడితే ఏడాదికి 906 డాలర్లు వచ్చింది. ఆరేళ్ళలో ఏ స్టేట్‌మెంట్‌లోనూ ఆ అంకె నాకు కనిపించలేదు. ఎందుకంటే ఆ ఖర్చు మన ఖాతాలోంచి విడిగా పోదు, ఫండ్ యూనిట్ ధరలోంచే రోజూ కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. 2026 నుంచి కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి, 2027 మొదట్లో వచ్చే స్టేట్‌మెంట్లలో ఈ ఖర్చు డాలర్లలో కనిపించాలి. అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఫండ్ పేరు, పక్కన ఫండ్ ఫ్యాక్ట్స్ అని కొట్టి ఇవాళే చూసుకోవచ్చు.

రెండు శాతమే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. నెలకి వెయ్యి డాలర్ల చొప్పున పాతికేళ్ళు కట్టారనుకుందాం. మీ జేబులోంచి వెళ్ళేది 3 లక్షలు. మార్కెట్ ఏటా 6 శాతం ఇస్తే, 0.2 శాతం ఖర్చున్న ఈటీఎఫ్‌లో అది దాదాపు 6 లక్షల 72 వేలు అవుతుంది. 2 శాతం ఖర్చున్న ఫండ్‌లో దాదాపు 5 లక్షల 14 వేల దగ్గర ఆగుతుంది. తేడా లక్షా 58 వేల డాలర్లు. రిటైరయ్యాక కొన్నేళ్ళ ఇంటి ఖర్చు అది.

ఇక మనవాళ్ళ ఇళ్ళలో బర్త్‌డేలప్పుడు, పూజలప్పుడు వినిపించే సెగ్రిగేటెడ్ ఫండ్ల సంగతి. ఇవి ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్మే ఫండ్లు. "పెట్టిన డబ్బులో 75 శాతానికో, వంద శాతానికో గ్యారంటీ" అంటారు. ఆ గ్యారంటీ సాధారణంగా పదేళ్ళ గడువు తర్వాతో, మనిషి పోయాకో వర్తిస్తుంది. దానికోసం ఏటా రెండున్నర, మూడు శాతం దాకా కట్టాల్సి రావచ్చు. పాతవాటిలో ముందే బయటికొస్తే కోత కూడా ఉండేది. అలాంటి కోతలున్న కొత్త అమ్మకాలను మ్యూచువల్ ఫండ్లలో 2022 జూన్ నుంచి, సెగ్రిగేటెడ్ ఫండ్లలో 2023 జూన్ నుంచి ఆపేశారు. అంతకుముందు కొన్నవి మీ దగ్గరుంటే కోత గడువు ఎప్పటితో తీరుతుందో కనుక్కున్నాకే కదపండి. అమ్మినాయన మన ఊరివాడైనా, మన గుడిలో రోజూ కనిపించేవాడైనా ఎంఈఆర్ ఎంతో అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అసలు ఎంచుకోవాల్సింది షేర్లెన్ని, బాండ్లెన్ని అన్నది

ఈటీఎఫ్ అంటే మార్కెట్లో షేరులాగా కొనుక్కునే ఫండ్. ఇది అమెరికా సరుకని చాలామంది అనుకుంటారు గానీ, ప్రపంచంలో మొదటిది 1990 మార్చిలో టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోనే పుట్టింది. కెనడాలో పెద్ద 35 కంపెనీల షేర్లతో వచ్చిన ఆ ఫండ్ పేరు టిప్స్. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 ఈటీఎఫ్ ఇంకో మూడేళ్ళకి గానీ రాలేదు.

మామూలు మనిషికి పని సులువు చేసినవి మాత్రం 2018 ఫిబ్రవరిలో వచ్చాయి. ఆ నెలలో వాన్‌గార్డ్ మూడు ఫండ్లు పెట్టింది. ఒక్కోదాంట్లో కెనడా, అమెరికా, యూరప్, జపాన్, ఇండియా, చైనా అన్నీ కలిపి వేల కంపెనీల షేర్లు, వాటితోపాటు బాండ్లు, అంటే ప్రభుత్వాలకీ కంపెనీలకీ వడ్డీకి ఇచ్చిన అప్పు పత్రాలు. ఇలాంటివాటిని ఆల్ ఇన్ వన్ ఈటీఎఫ్‌లంటారు. ఆ ఏడాది చివర్లో ఐషేర్స్ తన పాత ఫండ్లను ఇదే పద్ధతికి మార్చింది. తర్వాత బీఎంఓ కూడా దిగింది. పేర్లు కంగారు పెడతాయి గానీ మొదటి అక్షరం కంపెనీది, మిగతాది రకం. వీ అంటే వాన్‌గార్డ్, ఎక్స్ అంటే ఐషేర్స్, జెడ్ అంటే బీఎంఓ. వెనకాల ఈక్యూటీ ఉంటే మొత్తం షేర్లే. గ్రో అంటే 80 శాతం షేర్లు, 20 శాతం బాండ్లు. బాల్ అంటే 60, 40. వీసీఎన్‌ఎస్, ఎక్స్‌సీఎన్‌ఎస్ అంటే 40 షేర్లు, 60 బాండ్లు.

మా బావమరిది ఎక్స్‌ఈక్యూటీకీ వీగ్రోకీ మధ్య కొట్టుమిట్టాడుతూ కంపెనీల తేడా చూస్తున్నాడు. వాడు చూడాల్సింది అది కాదు. ఒకటి నూటికి నూరు షేర్లు, ఇంకోటి ఎనభై.

ఆ తేడా ఎలా ఉంటుందో 2020 మార్చిలో నేను చూశాను. మార్చి 12న టొరంటో మార్కెట్ ఒక్క రోజులోనే 12 శాతానికి పైగా పడింది. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 23 దాకా చూస్తే పతనం 37 శాతం. ఆ రోజుల్లో నాకు పొద్దున్నే ఫోన్ తెరవాలంటే టెన్షన్. మా ఆవిడ ఒకటే మాటంది: "ఉద్యోగాలే ఉంటాయో లేదో తెలియదు, ఇందులో ఉన్నదైనా తీసేద్దాం." నేను తీయలేదు. కానీ తీసేయాలని నాకూ అనిపించిందని ఒప్పుకోవాలి. మార్కెట్ పెరుగుతున్నప్పుడు ఎవరైనా "నాకు వంద శాతం షేర్లే కావాలి" అంటారు. లక్ష డాలర్లు అరవై వేలై కనిపించిన రోజున చేయి కదపకుండా ఉండగలరా అన్నదే ప్రశ్న. ఊళ్ళో కొన్న స్థలం ధర రోజూ ఎవరూ ఫోన్‌కి పంపరు కాబట్టి పదేళ్ళు కదలకుండా ఉంచుతాం. ఈటీఎఫ్ ధర నిమిషనిమిషానికీ కనిపిస్తుంది, అందుకే కాళ్ళు ఆగవు.

బాండ్లుంటే భయం లేదని కూడా అనుకోవద్దు. 2022లో బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటును 0.25 నుంచి 4.25 శాతానికి పెంచింది. పాత తక్కువ వడ్డీ బాండ్ల ధర పడిపోయి, ఆ ఏడు ఎక్స్‌బీబీ, వీఏబీ లాంటి మొత్తం మార్కెట్ బాండ్ ఫండ్లు దాదాపు 12 శాతం పడ్డాయి. సేఫ్ అని బాల్ ఫండ్ కొన్నవాళ్ళు షేర్లూ బాండ్లూ కలిసి పడటం చూసి నివ్వెరపోయారు. కానీ అదే దెబ్బకి బాండ్ల వడ్డీ రాబడి పెరిగింది. ఇప్పుడు కొనేవాళ్ళకి అది మేలు.

నా లెక్క ఇది. రిటైర్‌మెంట్‌కి ఇరవై ఏళ్ళు పైనే ఉండి, ఒక పెద్ద పతనాన్ని సొంత డబ్బుతో చూసి నిలబడ్డవాళ్ళయితే ఈక్యూటీ రకం. అలాంటి పతనం ఇంకా చూడనివాళ్ళయితే, వయసు ముప్ఫై అయినా సరే, గ్రో. యాభై దాటి పదేళ్ళలో దిగిపోదామనుకునేవాళ్ళకి గ్రో నుంచి బాల్‌కి మెల్లగా జరగడం మంచిది.

మూడు కంపెనీల్లో ఏది?

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. ఈ ఫండ్ల ఖర్చు ఏ కంపెనీదైనా ఇప్పుడు పావు శాతం లోపే. వాన్‌గార్డ్ 2025 చివర్లో మేనేజ్‌మెంట్ ఫీజును 0.22 నుంచి 0.17 శాతానికి తగ్గించింది. కంపెనీల మధ్య మిగిలిన తేడా లక్ష డాలర్ల మీద ఏడాదికి కొన్ని పదుల డాలర్లే. దానికోసం పాత ఫండ్ అమ్మి కొత్తది కొనడం, పన్ను పడే ఖాతాలో అయితే ముఖ్యంగా, దండగ.

ఒక్క తేడా తెలిసి ఉండాలి. షేర్లలో కెనడా వాటా వాన్‌గార్డ్‌లో 30 శాతం, ఐషేర్స్ ఎక్స్‌ఈక్యూటీలో 25 శాతం. ప్రపంచ మార్కెట్లో కెనడా బరువు మూడు శాతం దగ్గరే ఉంటుంది. అయినా అంత ఎందుకు పెడతారంటే, ఇక్కడ బతికేవాళ్ళ ఖర్చులు కెనడా డాలర్లలో ఉంటాయి, కెనడా కంపెనీలు పంచే లాభాలకి, అంటే డివిడెండ్లకి, పన్నులో రాయితీ ఉంది, వాటి మీద విదేశీ పన్ను కోత ఉండదు. అయితే టొరంటో సూచీలో మూడో వంతు బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలే. మీరు పనిచేసేది కూడా ఇక్కడి బ్యాంకులోనే అయితే, ఆ బ్యాంకు షేర్లు ఉద్యోగుల స్కీములో ఇప్పటికే కొంటుంటే, కెనడా తక్కువున్నదే మీకు నయం. మనవాళ్ళలో బ్యాంకుల ఐటీలో పనిచేసేవాళ్ళు ఎందరో, అందుకే చెబుతున్నాను.

విడివిడిగా కొనుక్కుంటే చవక కదా?

చవకే. నేను మొదట అదే చేశాను. కెనడాకి ఎక్స్‌ఐసీ, అమెరికాకి ఎక్స్‌యూయూ, మిగతా సంపన్న దేశాలకి ఎక్స్‌ఈఎఫ్, ఇండియా, చైనా లాంటివాటికి ఎక్స్‌ఈసీ. ఎంఈఆర్‌లు వరసగా 0.06, 0.07, 0.22, 0.28 దగ్గర ఉంటాయి. ఎక్స్‌ఈక్యూటీ పాళ్ళలోనే కలుపుకుంటే మొత్తం ఖర్చు 0.12 శాతం అవుతుంది. ఆల్ ఇన్ వన్ 0.20 అనుకుంటే, లక్ష డాలర్ల మీద ఏటా మిగిలేది 80 డాలర్లు.

ఆ 80 డాలర్లకి ఏం చేయాలో చెబుతాను. ప్రతి నెలా డబ్బు పడగానే ఏ ఫండ్ పాలు తగ్గిందో చూసి అది కొనాలి. ఏడాదికోసారి పెరిగినదాన్ని అమ్మి, తగ్గినదాన్ని కొనాలి. నా దగ్గర దీనికో స్ప్రెడ్‌షీట్ ఉండేది, రంగులు కూడా వేసుకున్నాను. 2020 మార్చిలో అది స్పష్టంగా చెప్పింది: తక్కువ పడినదాన్ని అమ్ము, ఎక్కువ పడినదాన్ని కొను. మూడు వారాలు రోజూ ఆ షీట్ తెరిచాను, మూసేశాను. కొనే బటన్ నొక్కలేకపోయాను. అదే సమయంలో ఆల్ ఇన్ వన్ ఫండ్లు ఎవరి అనుమతీ అడగకుండా ఆ సర్దుబాటు చేసేశాయి. ఆ ఏడాది ఆఖరుకే నా ఆర్‌ఆర్‌ఎస్‌పీ మొత్తం ఒకే ఫండ్‌లోకి మార్చుకున్నాను. నాకు ఏమైనా అయితే మా ఆవిడ దాన్ని నడపగలగాలి. నాలుగు ఫండ్ల షీట్ ఆమెకి అప్పగించి వెళ్ళడం నాకు నచ్చలేదు.

ఐదు లక్షలు దాటాక ఆ తేడా ఏటా 400 డాలర్లవుతుంది. మీకు ఈ పని ఇష్టమై, పతనంలో చేయి వణకదనుకుంటే అప్పుడు విడదీసుకోండి. అంతకన్నా తక్కువ పని కావాలనుకునేవాళ్ళకి రోబో సలహాదార్లున్నారు. ఫండ్ల ఖర్చు మీద ఇంకో 0.4, 0.5 శాతం తీసుకుని అన్నీ వాళ్ళే చూస్తారు. బ్యాంకు ఫండ్ కన్నా చాలా నయం. కానీ ఒకే ఒక్క ఫండ్ నెలకోసారి కొనగలిగినవాళ్ళకి ఆ అర శాతం కట్టే అవసరం కనిపించదు.

"నెలనెలా ఆదాయం" అని ఊరించే ఫండ్లు

నాకు ఎక్కువ బెంగ కలిగించేవి ఇవి. జెడ్‌డబ్ల్యూసీ లాంటి కవర్డ్ కాల్ ఈటీఎఫ్‌లు ఏడాదికి ఆరేడు శాతం, కొన్ని ఇంకా ఎక్కువ, నెలనెలా పంచుతాయి. అద్దె వచ్చినట్టు ఖాతాలో డబ్బు పడుతుంటే మనవాళ్ళకి మనసు లాగుతుంది. అక్కడ జరిగేది ఏమిటంటే, ఫండ్ తన దగ్గరున్న షేర్లను "ఫలానా ధర దాటితే మీకే ఇచ్చేస్తాం" అని ముందే ఒప్పుకుని, ఆ ఒప్పందానికి కొంత డబ్బు తీసుకుని మీకు పంచుతుంది. మార్కెట్ బాగా పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో పెద్ద భాగం వేరేవాళ్ళది. పడినప్పుడు మాత్రం పతనం దాదాపు మొత్తం మీదే. పైగా జెడ్‌డబ్ల్యూసీ ఎంఈఆర్ 0.72 శాతం. ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళు రిటైర్‌మెంట్ డబ్బుని ఇందులో పెట్టడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. ఇప్పుడు జీతం వస్తోంది కదా, నెలనెలా ఆదాయంతో ఏం పని?

మామూలు డివిడెండ్ ఫండ్లు, వీడీవై, ఎక్స్‌ఈఐ లాంటివి, వీటికన్నా నయం. ఖర్చు 0.22 దగ్గర. కానీ వీడీవైలో సగానికి పైగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలే. అది ఒక్కటే కొనుక్కుని రిటైర్‌మెంట్ అంతా దాని మీద ఉంచడం ఒకే ఊళ్ళో ఒకే వీధిలో పది ఇళ్ళు కొన్నట్టు.

ఇంకో ప్రలోభం ఇండియా ఫండ్. ఐషేర్స్ ఎక్స్‌ఐడీకి ఖర్చు ఒక శాతం దగ్గర ఉంటుంది. ఆల్ ఇన్ వన్ ఫండ్లలో ఇండియా ఎలాగూ కొంత ఉంది, మనలో చాలామందికి అక్కడ ఫ్లాటో, పొలమో, ఎఫ్‌డీయో ఉండనే ఉంది.

ఏ ఖాతాలో, ఏ దేశపు ఫండ్

ఆఫీసులో గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉండి, మీరు కట్టినదానికి కంపెనీ కూడా కలుపుతుంటే, ముందు అది పూర్తిగా తీసుకోండి. అక్కడి ఫండ్ ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. ఆ తర్వాతే మిగతావి.

రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా టీఎఫ్‌ఎస్‌ఏ విషయంలో కొత్తగా వచ్చినవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. నాకు తెలిసినవాళ్ళే ఇద్దరు చేశారు. 2009 నుంచి 2026 దాకా పరిమితులన్నీ కలిపితే లక్షా 9 వేలు అని ఎక్కడో చదివి, అంతా తమకే ఉందనుకుంటారు. మీరు కెనడా రెసిడెంట్ అయిన ఏడాది నుంచే మీకు లెక్క మొదలవుతుంది. 2023లో వచ్చినవాళ్ళకి 2026 నాటికి ఉండేది 6,500, ఆపై మూడుసార్లు 7,000, మొత్తం 27,500. పరిమితి దాటిన డబ్బు మీద నెలకి ఒక శాతం పెనాల్టీ. సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ) మై అకౌంట్‌లో అంకె చూసుకునే కట్టండి, ఆ అంకెలో ఇటీవల కట్టినవి ఇంకా చేరకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. ఆర్‌ఆర్‌ఎస్‌పీకి గత ఏడాది సంపాదనలో 18 శాతం, 2026కి గరిష్ఠం 33,810. జీతం బాగా ఎక్కువున్నవాళ్ళకి ఆర్‌ఆర్‌ఎస్‌పీ ముందు, తక్కువున్నవాళ్ళకి టీఎఫ్‌ఎస్‌ఏ ముందు అన్నది ఎక్కువమందికి సరిపోయే వరస.

ఇప్పుడు చాలామంది అడిగేది: "వీటీఐ ఖర్చు 0.03 శాతమే కదా, అమెరికా మార్కెట్లో అదే కొనొచ్చుగా?" వీటీఐ అంటే అక్కడ లిస్టయిన, అమెరికా మార్కెట్ మొత్తం ఉండే ఈటీఎఫ్. అమెరికా కంపెనీల డివిడెండ్ మీద అమెరికా 15 శాతం కోసుకుంటుంది. అమెరికాలో లిస్టయిన ఈటీఎఫ్‌ని ఆర్‌ఆర్‌ఎస్‌పీలో నేరుగా ఉంచుకుంటే, రెండు దేశాల ఒప్పందం వల్ల ఆ కోత ఉండదు. టీఎఫ్‌ఎస్‌ఏలో ఉంచితే కోత తప్పదు. డివిడెండ్ 1.3 శాతం అనుకుంటే, లక్ష డాలర్ల అమెరికా షేర్ల మీద మిగిలేది ఏటా 195 డాలర్లు. దానికోసం కెనడా డాలర్లను అమెరికా డాలర్లుగా మార్చాలి. చాలా బ్రోకరేజీల్లో మార్పిడికి ఒకటిన్నర శాతం దాకా పోతుంది, అంటే లక్షకి 1,500. డీఎల్‌ఆర్ అనే ఫండ్ కెనడా డాలర్లలో కొని, అమెరికా డాలర్ల వైపు అమ్మి ఈ ఖర్చు తగ్గించుకునే పద్ధతి ఉంది, రెండు మూడు రోజుల ఓపిక కావాలి. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో అమెరికా భాగమే లక్ష దాటినవాళ్ళకి ఇది ఆలోచించదగ్గది. మిగతావాళ్ళకి కాదు.

దీనికి ఇంకో కోణం ఉంది, మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. అమెరికాలో లిస్టయిన ఫండ్లు అమెరికా ఆస్తి కింద లెక్క, ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఉన్నా సరే. మనిషి పోయేనాటికి అవి 60 వేల అమెరికా డాలర్లు దాటితే అక్కడ ఎస్టేట్ ట్యాక్స్ (పోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను) కాగితాలు వేయాలి. కెనడాలో ఉన్నవాళ్ళకి ఒప్పందం ఉంది కాబట్టి ఎక్కువమందికి పన్ను పడదు. కానీ ఇండియాకి అమెరికాతో ఎస్టేట్ ట్యాక్స్ ఒప్పందం లేదు. రిటైరయ్యి హైదరాబాదులో స్థిరపడి, ఖాతాలో వీటీఐ అలాగే ఉంచుకున్నాయనకి ఆ 60 వేలకి పైన ఉన్నదాని మీద 40 శాతం దాకా పన్ను పడొచ్చు. టొరంటోలో లిస్టయిన వీగ్రో, ఎక్స్‌ఈక్యూటీల్లో అమెరికా షేర్లెన్ని ఉన్నా ఈ బెడద లేదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ, టీఎఫ్‌ఎస్‌ఏ కాని మామూలు ఖాతాలో విదేశీ ఆస్తుల ఖరీదు లక్ష కెనడా డాలర్లు దాటితే వేయాల్సిన టీ1135 ఫారంలోనూ ఇదే తేడా. అమెరికా ఈటీఎఫ్‌లు, ఊళ్ళో అద్దెకిచ్చిన ఫ్లాట్ అందులోకి వస్తాయి, కెనడా ఈటీఎఫ్‌లు రావు.

కరెన్సీ హెడ్జింగ్ ఉన్నవి, అంటే డాలర్ మారకం ఊగిసలాట తగలకుండా చేసినవి, వీఎస్‌పీ, ఎక్స్‌ఎస్‌పీ లాంటివి, వద్దంటాను. ప్రపంచం కంగారు పడ్డప్పుడు కెనడా డాలర్ కూడా పడుతుంది, అప్పుడు అమెరికా షేర్ల విలువ మన డాలర్లలో అంతగా తగ్గదు. 2008లో ఎస్ అండ్ పీ 500 అమెరికా డాలర్లలో 37 శాతం పడితే, హెడ్జ్ లేని కెనడా వాళ్ళకి నష్టం ఇరవై శాతం పైచిలుకుతో ఆగింది.

రేపు ఉండబోయేది ఎక్కడ?

ఈ ప్రశ్న ఫండ్ ఎంపిక కన్నా పెద్దది. ఓఏఎస్ అనే ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పూర్తిగా రావాలంటే 18 ఏళ్ళు నిండాక 40 ఏళ్ళు కెనడాలో ఉండాలి. 32వ ఏట వచ్చినవాళ్ళకి 65 నాటికి 33 ఏళ్ళే, అంటే నలభైలో ముప్ఫై మూడు వంతులు. దేశం వదిలి వెళ్ళాక కూడా ఓఏఎస్ రావాలంటే కనీసం 20 ఏళ్ళు ఉండి ఉండాలి. ఆలస్యంగా వచ్చిన మనకి ఇక్కడ పుట్టినవాళ్ళ కన్నా ప్రభుత్వ పింఛను తక్కువ, కాబట్టి సొంత పొదుపు ఎక్కువ కావాలి. వెనక్కి వెళ్ళే ఆలోచన ఉంటే ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి తీసేటప్పుడు కెనడా 25 శాతం కోసి ఇస్తుందనీ, టీఎఫ్‌ఎస్‌ఏకి ఇక్కడున్న పన్ను మినహాయింపు ఇండియాలో ఉండదనీ ముందే గుర్తుంచుకోవాలి. వెళ్ళే ఏడాదికి ముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఒకసారి కూర్చోవడం డబ్బుకి తగిన పని.

రిటైరయ్యాక ఆల్ ఇన్ వన్‌కి ఒక ఇబ్బంది ఉంది. ఖర్చుకి యూనిట్లు అమ్మితే షేర్లూ బాండ్లూ కలిసే అమ్ముడవుతాయి. పతనంలో బాండ్లు మాత్రమే అమ్ముకుందామంటే కుదరదు. దీనికి నేను మా పెద్దక్కకి చెప్పింది: రెండేళ్ళ ఖర్చు బ్యాంకు ఎఫ్‌డీల్లాంటి జీఐసీల్లో, మిగతాదంతా బాల్ ఫండ్‌లో. మార్కెట్ బాగున్న ఏడు ఫండ్ అమ్మి జీఐసీ నింపుకోవాలి, బాగాలేని ఏడు జీఐసీ తినాలి. 71 నిండే ఏడాది ఆఖరుకి ఆర్‌ఆర్‌ఎస్‌పీని ఆర్‌ఆర్‌ఐఎఫ్‌గా, అంటే ఏటా కొంత తప్పక తీసుకోవాల్సిన ఖాతాగా, మార్చాలి. ఏడాది మొదటికే 72 నిండి ఉంటే ఆ ఏడు కనీసం 5.40 శాతం తీసుకోవాలి. బ్రోకరేజీ ఖాతా అయితే ఫండ్లు అమ్మకుండానే అలాగే మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు

వెల్త్‌సింపుల్, క్వెస్ట్రేడ్, నేషనల్ బ్యాంక్ బ్రోకరేజీల్లో ఈటీఎఫ్ కొనడానికి కమిషన్ లేదు. పెద్ద బ్యాంకుల బ్రోకరేజీల్లో చాలాచోట్ల ఒక్కో ఆర్డర్‌కి దాదాపు పది డాలర్లు. నెలకి 500 కొనేవాళ్ళకి అది రెండు శాతం, అంటే తప్పించుకున్న ఫీజు మళ్ళీ వేరే తలుపులోంచి వచ్చినట్టే. బ్రోకరేజీ మూతపడితే సీఐపీఎఫ్ అనే పెట్టుబడిదారుల రక్షణ నిధి కింద పది లక్షల డాలర్ల దాకా రక్షణ ఉంటుంది. మార్కెట్ పడితే మాత్రం ఎవరూ ఇవ్వరు. పాత ఫండ్‌ని తరలించేటప్పుడు బ్రాంచిలో "డబ్బు తీసేయండి" అనకండి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ తీస్తే పన్ను కోస్తారు. కొత్త బ్రోకరేజీ ద్వారానే ట్రాన్స్‌ఫర్ ఫారం వేయండి. పాతచోట దాదాపు 150 డాలర్ల ఫీజు పడుతుంది, కొత్తవాళ్ళని అడిగితే చాలాసార్లు వాళ్ళే భరిస్తారు.

బావమరిదికి ఆ సాయంత్రం వీడియో కాల్‌లో దగ్గరుండి కొనిపించాను. వాడి వయసు 38, పెద్ద పతనం ఇంతవరకూ సొంత డబ్బుతో చూడలేదు. అందుకని వీగ్రో అన్నాను. మార్కెట్ ఆర్డర్ వద్దని, లిమిట్ ఆర్డర్, అంటే ఇంతకి మించి కొనొద్దని ధర చెప్పే ఆర్డర్, పెట్టించాను. అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర స్క్రీన్ మీద ఉంటుంది, దానికి ఒక సెంటు ఎక్కువ వేస్తే చాలు. టొరంటో మార్కెట్ మూసేది నాలుగింటికి, కాల్గరీలో అప్పుడు రెండు. వాడు ఆఫీసునుంచి ఇంటికొచ్చేసరికి ఐదున్నర, కాబట్టి ఆ ఆర్డర్ మర్నాటికే వెళ్ళింది. పొద్దున్న ఏడున్నరకి మార్కెట్ తెరిచాక పది నిమిషాల్లో "ఫిల్లయింది బావా" అని మెసేజ్ పెట్టాడు. జీతం పడ్డ మర్నాడు నెలకి 900 డాలర్లు దానంతట అదే కొనేలా కూడా పెట్టుకున్నాడు. మళ్ళీ పోయిన వారం ఫోన్ చేశాడు, ఈసారి పిల్లాడి చదువు పొదుపు ఖాతా, ఆర్‌ఈఎస్‌పీ గురించి.